గంటకు పావలా వైభోగం

డిగ్రీ చదువుకు విజయవాడ వచ్చినప్పుడు నాకు సొంతమంటూ ఉన్నవి ఒక రేకు పెట్టె, ఒక బొంత, మూడు జతల బట్టలు, నాన్న వాడి ఇచ్చిన కలం. మిగిలినవన్నీ అద్దెవే. గది అద్దెది. అందులో నవారు మంచం అద్దెది. తొక్కే సైకిలు, చదివే నవల, సినిమా హాల్లో మూడు గంటల చల్లదనం, ఆఖరికి గ్రూపు ఫొటోలో వేసుకున్న కోటు కూడా అద్దెదే. డెబ్భైల చివరి మాట ఇది. సాయంత్రానికి జేబులో ఒక పావలా ఉంటే ఆ పూటకు ఏదో ఒక సుఖం దొరికేది. ఆ సుఖాలు అమ్మిన దుకాణాలు పోయాయి, వాటిని నమ్మకం మీద నడిపిన మనుషులు పోయారు. వాటి రుచి ఎరిగిన మేం చెప్పకపోతే ఇంకెవరు చెబుతారు?

మా గది సత్యనారాయణపురంలో. ఒక పెంకుటింటి వసారాకు తడిక కట్టి, ముగ్గురు కుర్రాళ్లకు అద్దెకిచ్చారు ఇంటి మామ్మగారు. నలభై క్యాండిల్ బల్బు ఒకటి, గోడకు నాలుగు మేకులు, మూలన మంచినీళ్ల కుండ. ఫ్యాను లేదు. రాత్రి పది దాటాక లైటు వెలుగుతుంటే లోపలి నుంచి మామ్మగారు దగ్గేవారు. ఇంకో పావుగంటకు రెండోసారి దగ్గేవారు. మూడో దగ్గు దాకా ఎప్పుడూ రానిచ్చేవాళ్లం కాదు. ఆ రోజుల్లో పేట నడిమి నుంచే గుడివాడ వైపు రైలు పట్టాలు పోయేవి, సత్యనారాయణపురం పేరుతో ఒక స్టేషను కూడా ఉండేది. ఇప్పుడు ఆ పట్టాల చోట వెడల్పాటి రోడ్డుంది. కాలేజీ మాచవరంలో, 1937లో పెట్టిన ఎస్సారార్ అండ్ సీవీయార్. విశ్వనాథ సత్యనారాయణ పాఠాలు చెప్పిన చోటని, ఎన్టీ రామారావు చదువుకున్న చోటని సీనియర్లు మొదటిరోజే గొప్పగా చెప్పారు. రోజూ నడిచే వెళ్లేవాళ్లం.

తిండికి ఖర్చు లేదు, అన్నం ఊరి నుంచి క్యారేజీలో వచ్చేది. అద్దె, కాలేజీ ఖర్చులు, సబ్బులు, తలనూనె పోగా నా చేతిలో నెలకు పన్నెండు రూపాయలు మిగిలేవి. ఒకటో తారీఖున ఆ పన్నెండు రూపాయలూ పట్టుకెళ్లి కిరాణా కొట్లో పావలాలుగా మార్చుకునేవాణ్ణి. నలభై ఎనిమిది పావలాలు, ముప్ఫై సాయంత్రాలు. నోటు మార్చాలంటే మనసొప్పదు కానీ పావలా ఖర్చు పెట్టడానికి ధైర్యం చాలేది. అందులోనూ అది పూర్తిగా నా ఇష్టం. ఇంట్లో ఉన్నన్నాళ్లూ ఏ వస్తువు కావాలన్నా అడిగి తీసుకోవలసినవాడికి, ఈ పూట సైకిలా పునుగులా అని తనే తేల్చుకునే హక్కు రావడమే మొదటి విలాసం.

సైకిలు గంటకు పావలా. అరగంటకు పదిహేను పైసలు. మా వీధి మలుపులో వేపచెట్టు కింద తాటాకు పందిరి వేసి సాయిబుగారు అద్దె సైకిళ్లు నడిపేవారు. ఒకే వైపుకు వాలి వరసగా నిలబెట్టిన సైకిళ్లు, ప్రతిదాని వెనక మడ్‌గార్డు మీదా తెల్లరంగుతో నంబరు, షాపు పేరు. బల్ల మీద పొడుగాటి లెక్కల పుస్తకం, దానికి దారంతో కట్టిన పెన్సిలు, ఎదురుగా గోడ గడియారం. నంబరు, పేరు, తీసుకున్న టైము, తెచ్చిన టైము, అంతే రాసేది. డిపాజిట్టు లేదు. కొత్తవాడైతే మాత్రం పాత ఖాతాదారు ఒకడు వెంట వచ్చి "ఈ అబ్బాయి మా గదిలోనే ఉంటాడండీ" అని చెప్పాలి. ఆ ఒక్క మాట పూచీ. ఆ తరవాత ఆ కుర్రాడి చేతికి రెండు మూడు వందల ఖరీదైన వస్తువును అప్పజెప్పి ఆయన మళ్లీ పంక్చరు పనిలో పడేవారు.

ఇచ్చే ముందు ఒక తంతు ఉండేది. "గాలి చూసుకో. బ్రేకు చూసుకో. బెల్లు కొట్టి చూడు." మూడూ మా చేతే చేయించేవారు. సాయంత్రం ఆరు దాటితే డైనమో కూడా తిప్పి చూపించాల్సిందే, లైటు లేని సైకిలును ట్రాఫిక్ పోలీసు ఆపేవాడు. డబుల్స్ వెళ్లినా ఆపేవాడు. కూడలి వచ్చే ముందు వెనకవాడు దిగి, బుద్ధిమంతుడిలా నడిచి, దాటాక మళ్లీ ఎక్కేవాడు. విజయవాడలో చదువుకున్న ఏ పాత విద్యార్థిని అడిగినా ఇది చెబుతాడు.

రెండు సైకిళ్లు, ముగ్గురు మనుషులు, రెండు గంటలు. మనిషికి ముప్ఫై పైసలకు కాస్త ఎక్కువ పడేది. ఏలూరు రోడ్డు మీదుగా గాంధీనగరం, గవర్నరుపేట, అక్కణ్ణుంచి ప్రకాశం బ్యారేజీకి. కాటన్ కాలంనాటి పాత ఆనకట్టకు బదులుగా కట్టి 1957లో పూర్తి చేసిన బ్యారేజీ అది, పొడవు కిలోమీటరు పైనే. వేసవిలో ఊరంతా పొయ్యి మీద పెనంలా కాలుతున్నా, బ్యారేజీ సగం దాటేసరికి కృష్ణ మీద నుంచి వచ్చే గాలికి చొక్కా ఉబ్బేది. ఎగువన నిండుగా నీరు, దిగువన ఇసుక తిన్నెలు, వెనక్కి తిరిగితే ఇంద్రకీలాద్రి మీద అమ్మవారి గుడి దీపాలు. వర్షాకాలంలో తలుపులు ఎత్తిన రోజు ఆ హోరుకు పక్కవాడి మాట వినపడేది కాదు. అవతల సీతానగరం దాకా పోయి, బ్యారేజీ పిట్టగోడకు సైకిళ్లు ఆనించి, ఏం మాట్లాడుకునేవాళ్లమో ఇప్పుడు ఒక్క ముక్కా గుర్తు లేదు. గాలి మాత్రం గుర్తుంది. తిరిగొచ్చేసరికి పది నిమిషాలు ఎక్కువైతే సాయిబుగారు గడియారం వంక చూసి, పుస్తకంలో సరైన గంటే వేసేవారు. "పది నిమిషాలకి లెక్కేంటి బాబూ, పరీక్షలు బాగా రాయండి" అనేవారు.

నవలల సంగతి చెప్పాలంటే ముందు క్యారేజీ సంగతి చెప్పాలి.

మా ఊరు ఉయ్యూరు అవతల. అమ్మ తెల్లవారుజామున నాలుగున్నరకే పొయ్యి రాజేసేది. ఏడింటి బస్సుకు క్యారేజీ అందాలి. ఊళ్లో నాలాగే పట్నంలో చదివే పిల్లలున్న ఇళ్ల నుంచి క్యారేజీలు రోడ్డు మీదకు వచ్చేవి, ప్రతిదాని మీదా ఎనామెల్ రంగుతో పేరు, గుర్తుకు పిడికి కట్టిన రంగు గుడ్డ పీలిక. మాది పసుపు పీలిక. డ్రైవరు పక్కన ఇంజను మూతకు ఆనించి వాటిని వరసగా పెట్టేవారు, అందుకే విజయవాడ చేరేసరికి కూడా పప్పు వెచ్చగా ఉండేది. దారి పొడుగునా ఇంకా ఎక్కేవి. బందరు రోడ్డు చివర పాత బస్టాండులో బస్సు ఆగేసరికి మాలాంటి కుర్రాళ్ల గుంపు సిద్ధంగా ఉండేది. మా గదిలో వంతులు. ఎవరి వంతైతే వాడు మూడు క్యారేజీలూ తెచ్చేవాడు. ఇంటికి ఏ చిన్న సాయం చేసినా పుణ్యమే అనుకునే కాలం అది, ఆ డ్రైవరుకూ కండక్టరుకూ సంక్రాంతికి ప్రతి ఇంటి నుంచీ అరిసెలు వెళ్లేవి.

నాలుగు గిన్నెల క్యారేజీ. అడుగున రెండింటిలో అన్నం, మూడోదాంట్లో పప్పో పులుసో, పైదాంట్లో కూర, పక్కన చిన్న సీసాలో పెరుగు. పెరుగు గిన్నెలో పెడితే కుదుపులకు కారుతుందని అమ్మ మందుల సీసా కడిగి వాడేది. మూత విప్పగానే గది మొత్తం మా ఊరి వాసన వేసేది. ముగ్గురివీ కలిపి పరిచేవాళ్లం. ఒకడిది దివిసీమ వైపు, ఎండు చేప తప్పకుండా వచ్చేది. ఇంకొకడు గన్నవరం దగ్గరివాడు, వాళ్లమ్మ పంపే మామిడికాయ పప్పు కోసం మేమిద్దరం ముందే గిన్నె పట్టుకుని కూర్చునేవాళ్లం. పొద్దున తిన్నది పోను మిగిలినది రాత్రికి. సాయంత్రం కడిగి తుడిచిన ఖాళీ క్యారేజీ గుడ్డ సంచిలో పెట్టి మళ్లీ బస్సుకు ఇచ్చేవాళ్లం. ఆ సంచిలోనే మా నవలలు ప్రయాణం చేశాయి.

ఏలూరు రోడ్డు నుంచి చీలిన ఒక సందులో "నవలలు అద్దెకు ఇవ్వబడును" అని బోర్డు. పాతవాటికి రోజుకు పదిహేను పైసలు, కొత్తవాటికి పావలా. గదంతా చేసి మంచమంత ఉండేది, నేల నుంచి కప్పు దాకా అట్ట మీద ఖాకీ కాగితం వేసి దారంతో కుట్టిన పుస్తకాలు. యద్దనపూడి సులోచనారాణి నవలలు షెల్ఫులో ఉండగా నేనెప్పుడూ చూడలేదు, ఒకరు తిరిగిస్తుండగానే ఇంకొకరు అందుకునేవారు. రంగనాయకమ్మ, కొమ్మూరి సాంబశివరావు, మధుబాబు షాడో. కొమ్మూరి డిటెక్టివ్ నవలల మొదటి పేజీలో ఎవడో ఒక ప్రబుద్ధుడు హంతకుడి పేరు పెన్సిలుతో రాసిపెట్టేవాడు. దుకాణాయన రాత్రిపూట రబ్బరు తీసుకుని కూర్చుని ఆ పేర్లన్నీ చెరిపేవారు. చెరిపినా అచ్చు పడేది. అది చూడకుండా పేజీ తిప్పడం ఒక నిగ్రహం.

అక్క నాకంటే నాలుగేళ్లు పెద్ద. పదో తరగతిలో నాకంటే ఎక్కువ మార్కులు వచ్చాయి. కాలేజీ దూరమని, ఆడపిల్ల బస్సుల్లో తిరగడమేమిటని పెద్దవాళ్లు ఆపేశారు. నేను పట్నం వెళ్లేరోజు పెట్టె సర్దింది తనే. నాలుగోరోజు క్యారేజీ సంచిలో చీటీ వచ్చింది. "తమ్ముడూ, అక్కడ అద్దె నవలలు దొరుకుతాయట కదా, ఒకటి పంపవూ. పాడు చెయ్యను. పొద్దున్నే పంపేస్తాను."

అట్లా మొదలైంది. పొద్దున తెచ్చిన నవలను మధ్యాహ్నం మేం చదివేవాళ్లం, ఒకడు పైకి చదువుతుంటే ఇద్దరం వినేవాళ్లం. సాయంత్రం అది పాత కాగితం చుట్టుకుని ఖాళీ క్యారేజీతో ఊరికి వెళ్లేది. ఆ రాత్రి మా ఇంట్లో సభ. అమ్మకు చదువు రాదు, పక్కింటి పిన్నికీ రాదు. వంటిల్లు సర్దుకున్నాక ఇద్దరూ వచ్చి గడప దగ్గర కూర్చుంటే అక్క పైకి చదివేది. వాళ్లు నిద్రకు లేచాక లాంతరు దగ్గరికి జరుపుకుని, వినేవాళ్లు లేరు గనక వేగం పెంచి మిగతాది చదివేది. అమ్మ నాలుగున్నరకు లేచేసరికి ఇంకో ముప్ఫై పేజీలు మిగిలి ఉండేవట. పొయ్యి ముందు పీట వేసుకుని, ఒక చేత్తో మంట ఎగదోస్తూ, ఆ వెలుగులోనే ముగింపు చదివి, అన్నం వార్చే లోపల కథ అమ్మకు చెప్పేసేది. ఏడింటి బస్సులో పుస్తకం వెనక్కి.

అట్ట మీద పసుపు వేలిముద్ర, లోపల ఎక్కడో ఒక తిరగమోత వాసన. దుకాణాయన పుస్తకం అందుకుని ఒకసారి ముక్కు దగ్గర పెట్టుకుని "నిన్న మీ ఇంట్లో గోంగూరా బాబూ?" అన్నారు. నేను సంగతంతా చెప్పాను. ఆయన జరిమానా మాట ఎత్తలేదు. ఆ తరవాత కొత్త నవల రాగానే బల్ల కింద దాచి "ఇది అక్కగారికి" అని ఇచ్చేవారు. ఆదివారం సాయంత్రం మేం బస్టాండుకు వెళ్లమని తెలిసి, శనివారం తీసుకుంటే సోమవారం దాకా ఒక్క పావలాయే పట్టేవారు. నా పావలాల్లో సగం అక్కడే ఖర్చయ్యేవి. నా చదువు రోజుల్లో నేను అనుభవించిన సుఖాలన్నిట్లోకీ ఇదే పెద్దదని నాకు ఏనాడూ సందేహం కలగలేదు.

సినిమాలకు విజయవాడను మించిన ఊరు లేదని మా గట్టి నమ్మకం. 1921లో వెలిసిన మారుతీ టాకీస్ ఈ ఊరిదే. దుర్గా కళామందిరం ఈ ఊరిదే. గాంధీనగరంలో ఏ వీధిలోకి వెళ్లినా పంపిణీదారుల ఆఫీసులు, వాటి ముందు రీళ్ల పెట్టెలు మోసుకుపోతున్న రిక్షాలు. మాకు మాత్రం కొత్త సినిమాకంటే ఉదయం ఆటలే ఇష్టం. పాత ప్రింట్లు తగ్గింపు రేట్లకు వేసేవారు. 1957 నాటి మాయాబజార్, 1962 నాటి గుండమ్మ కథ, మేం పుట్టకముందువీ పాలబుగ్గల నాటివీ అట్లాగే చూశాం. తెర మీద గీతలు వర్షంలా కురుస్తూనే ఉండేవి. పింగళి మాటలు రంగారావు గొంతులో రాకముందే హాలంతా అనేసేది. హాలు బయట పాటల పుస్తకం అమ్మేవారు, పలచని రంగు కాగితం మీద అచ్చు, వెనక కథ సగం దాకా చెప్పి "శేషం వెండితెరపై చూడండి" అని ఆపేవారు. అవి కూడా గుడ్డ సంచిలో ఊరికి వెళ్లేవి. అక్క సినిమా చూడకుండానే శేషం తనే కల్పించి పిన్నికి చెప్పేదట.

ఏప్రిల్, మే నెలల్లో మ్యాట్నీకి వెళ్లేది సినిమా కోసం కానే కాదు. రోళ్లు పగిలే ఎండలో రేకుల వసారాలాంటి గదిలో పడి ఉండే కుర్రాడికి ఏసీ హాలు తలుపు తెరుచుకున్నప్పుడు ముఖానికి తగిలే ఆ మొదటి చల్లటి గాలి! నవరంగ్‌లో, లీలామహల్లో ఇంగ్లీషు సినిమాలు ఆడేవి. మాటలు సగం అర్థమయ్యేవి కావు. హాయిగా కళ్లు మూసుకునేవాళ్లం.

డబ్బులు బొత్తిగా లేని నెలాఖరు రోజుల్లో గ్రంథాలయం. రామమోహన గ్రంథాలయంలో ఫ్యాను కింద కుర్చీ దొరికితే పేపరు మొదటి అక్షరం నుంచి చివరి ప్రకటన దాకా చదివినా ఎవరూ లెమ్మనరు. 1914 ఏప్రిల్‌లో అయ్యంకి వెంకటరమణయ్య గారు పూనుకుని ఆంధ్రదేశపు గ్రంథాలయాల ప్రతినిధులను పోగుచేసిన బెజవాడ సభ జరిగిన చోటు అది. తెలుగునాట గ్రంథాలయోద్యమం సంఘంగా ఏర్పడింది అక్కడే. ఆ పెద్దలు ఊరూరా పుస్తకాల బండ్లు తిప్పి, పడవల్లో పుస్తకాలు పంపి చేసిన శ్రమకు ఫలం, మా తరం కుర్రాళ్లకు ఒక బల్ల, ఒక ఫ్యాను, ఉచితంగా. పరీక్షలకు నేను చదివిన చదువులో చాలాభాగం ఆ ఫ్యాను కిందే.

రేడియో మాకు లేదు, మంగలి షాపుకు ఉంది. విజయవాడ కేంద్రం 1948 డిసెంబరు 1న మొదలైంది గనక ఊరికి అది ఇంటి కేంద్రం. ఆదివారం మధ్యాహ్నం ఉషశ్రీ రామాయణమో భారతమో చెబుతుంటే వీధి ఈ చివర నుంచి ఆ చివరకు నడిచి వెళ్లినా ఒక్క వాక్యం తప్పిపోయేది కాదు, ప్రతి ఇంట్లో అదే గొంతు. సాయంత్రాలు శ్రీలంక నుంచి మీనాక్షి పొన్నుదురై తెలుగు పాటలు వినిపించేవారు, ఎక్కడో సముద్రం అవతల నుంచి అంత ఆప్యాయంగా తెలుగు పలికే ఆ గొంతును మేం మా బంధువులావిడ గొంతుగానే ఎంచుకున్నాం.

పునుగులు. ఇవి తినాల్సింది విజయవాడలోనే, ఇందులో వాదానికి తావు లేదు. సాయంత్రం నాలుగున్నరకు బండి వచ్చేది. ఇడ్లీ పిండి పులిసిన గిన్నె ఎడమ పక్క, బాణలి కుడి పక్క. నడివయసు ఆవిడ పిండి పిడికిట్లోకి తీసుకుని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నుంచి చిన్న ముద్దలు నూనెలోకి జారవిడిచేది, గోళీల ఆటలో గోళీ వదిలినంత తేలిగ్గా. అవి అడుగుకు వెళ్లి, ఒక్కొక్కటే పైకి తేలి, వాటంతటవే బోర్లా పడేవి. విస్తరాకు ముక్క మీద పోసి, పైన అల్లం పచ్చడి, సన్నగా తరిగిన ఉల్లిపాయలు. పావలాకు గుప్పెడు. చివరి పునుగు తిన్నాక ఆకు మీద మిగిలిన పచ్చడికి ఇంకో రెండు ఉట్టివి వేసేది, అడగకుండానే. "చదువుకునే పిల్లలు" అనేది పక్కనున్నవాళ్లతో, మా వంక చూడకుండా. నెలకొకసారి, డబ్బులు వచ్చిన మర్నాడు, గాంధీనగరం బాబాయి హోటల్లో వేడి ఇడ్లీ మీద వెన్నపూస, కారప్పొడి. ఆ వెన్న కరిగి ఇడ్లీలోకి ఇంకే లోపలే తినాలి. ఎదురు బల్ల మీద ఎవరో సినిమా వాళ్లు కూర్చుని ఉన్నారని వెయిటరు చెవిలో చెప్పినా తల ఎత్తేవాళ్లం కాదు.

కొని సొంతం చేసుకున్న విలాసం ఒక్కటే ఉంది. సోవియట్ పుస్తకాలు. ఏలూరు రోడ్డులో విశాలాంధ్ర పుస్తకాల షాపుకు వెళితే రెండు మూడు రూపాయలకు గట్టి అట్ట, కుట్టిన బైండింగు, తెల్లటి మందపాటి కాగితం. మన ప్రచురణల్లో అంత వెలకు అట్లాంటి పుస్తకం ఊహకే అందదు. గోర్కీ, టాల్‌స్టాయ్, చెహోవ్. మాస్కోలో ఉండి ఉప్పల లక్ష్మణరావు గారి వంటివారు చేసిన అనువాదాలు. సైన్సు కుర్రాళ్లకు మీర్ ప్రచురణలు, పెరెల్మన్ భౌతికశాస్త్ర వినోదాలు. ఇక సోవియట్ భూమి పత్రిక. చదివేది తక్కువ, అట్టలు వేసేది ఎక్కువ. ఆ నున్నటి రంగు కాగితం నోటు పుస్తకానికి వేసి, మూలలు మడిచి, మెతుకుతో అంటించి, పైన పేరు రాసుకుంటే ఆ ఏడాదంతా చదువు మీద గౌరవం పెరిగేది. నా కెమిస్ట్రీ నోట్సు మీద మంచు కప్పిన దేవదారు అడవి ఉండేది. 1991లో ఆ దేశం లేకుండా పోయాక ఆ ధరకు ఆ పుస్తకాలూ లేకుండా పోయాయి. నా దగ్గర అప్పటివి ఓ అర అల్మారా ఉన్నాయి. ఒక్కదానికీ కుట్టు ఊడలేదు.

చివరి సంవత్సరం ఫొటో. స్టూడియోలో గోడకు రెండు కోట్లు, నాలుగు టైలు, ఒక నల్ల కళ్లజోడు వేలాడుతుండేవి, ఫొటో దిగేవాళ్లకు వాటిని అద్దెకిచ్చేవారు. మేం ముగ్గురం, కోట్లు రెండు. వేర్వేరుగా దిగాల్సిన ఫొటోలకు మార్చుకున్నాం, గ్రూపు ఫొటోలో మధ్యవాడు చొక్కాతోనే నిలబడి కళ్లజోడు పెట్టుకున్నాడు. వెనక తెర మీద మెట్లు, పూలకుండీ. ఆ ఫొటో మూడు ఇళ్లల్లోనూ ఇప్పటికీ ఉంది.

ఇదంతా ఒక్కసారిగా పోలేదు. ఎనభైల్లో ఇళ్లకు టీవీలు వచ్చాయి, వాయిదాల మీద సైకిళ్లూ మోపెడ్లూ వచ్చాయి. అద్దె సైకిలు షాపు సగం పంక్చర్ల షాపయింది, తరవాత మొత్తం. నవలల దుకాణంలో సగం గది వీడియో క్యాసెట్లకు ఇచ్చారు. 1990లో కొత్త బస్టాండు, పండిట్ నెహ్రూ బస్ స్టేషన్, కృష్ణ ఒడ్డున ఘనంగా తెరిచారు. అప్పటికే ఊళ్ల నుంచి క్యారేజీలు పలచబడ్డాయి. పిల్లలు రెసిడెన్షియల్ కాలేజీల హాస్టళ్లకు వెళ్లిపోయారు, అన్నం అక్కడే. 2011 జూన్ 30తో పావలా కూడా చలామణిలోంచి పోయింది.

వస్తువులు లేకపోవడం మంచిదని నేను అనను. ఫ్యాను లేని గదిలో ఏప్రిల్ రాత్రి ఎట్లా ఉంటుందో నాకు తెలుసు, ఏ పిల్లవాడికీ అది వద్దు. నా బాధల్లా వేళ గురించి. ఇప్పటి విజయవాడ హాస్టళ్లలో పిల్లలకు ఏసీ ఉంది, వేడినీళ్లున్నాయి, తెల్లవారుజాము నుంచి రాత్రి దాకా స్టడీ అవర్లూ ఉన్నాయి. నెలకో రెండు నెలలకో ఒకపూట 'ఔటింగ్' ఇస్తారు. పదిహేడేళ్ల పిల్లకు సాయంత్రం నాలుగున్నర నుంచి ఆరున్నర దాకా తనదైన వేళ లేకపోవడం ఎంత పెద్ద లేమో తల్లిదండ్రులకు తట్టకపోవడం నాకు కష్టంగా ఉంటుంది. మా పావలాలకు విలువ వచ్చింది ఖర్చు పెట్టుకునే సాయంత్రాలు మా చేతిలో ఉండబట్టే. పిల్లల్ని అక్కడ చేర్చే ప్రతి తల్లినీ తండ్రినీ నేను అడుగుతూనే ఉంటాను, ఆ రెండు గంటలూ ఇప్పించండి అని. బ్యారేజీ అక్కడే ఉంది, గాలికి టిక్కెట్టు లేదు.

అక్కకు డెబ్భై దగ్గరపడ్డాయి. హైదరాబాదులో కొడుకు దగ్గర ఉంటుంది. పెళ్లయ్యాక ప్రైవేటుగా ఇంటర్, బీఏ కట్టి పాసైంది, వాళ్ల కాలనీ మహిళలకు చదివి వినిపించడానికి వారానికొక మధ్యాహ్నం పెట్టుకుంది. ఏ పుస్తకం అడిగినా మేనల్లుడు కొనిస్తాడు, అల్మారా నిండిపోయింది. అయినా కొత్త నవల చేతికొస్తే రాత్రికి రాత్రే పూర్తి చేస్తుంది. మొన్న వెళ్లినప్పుడు రెండింటికి మెలకువ వచ్చి చూస్తే హాల్లో లైటు వెలుగుతోంది. "కళ్లు పాడవుతాయి అక్కా, పుస్తకం నీదేగా, రేపు చదువుకోరాదూ" అన్నాను.

"ఉండరా, ఏడింటికి బస్సొచ్చేస్తుంది" అని పేజీ తిప్పింది.